వినకుండా ఆనందించినందుకు సంజాయిషీ

ఆదివారం సాయంత్రం నాలుగింటికి నేను ఆనందిస్తున్నానన్న సంగతి మా మున్సిపాలిటీకి తెలిసేసరికి ఇరవై మూడు ఆదివారాలు గడిచిపోయాయి. అన్ని వారాలు ఎవరి అనుమతీ లేకుండా ఎలా ఆనందించావమ్మా అని అడిగారు. తెలీక చేశానండీ అన్నాను. తెలీక చేసినదానికి వేరే ఫారం ఉందన్నారు.

మొదట్నించీ చెప్తాను.

మాది తుమ్మలకోడూరు. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో చేస్తారు. మాకు పదకొండు నెలల పాప, పేరు హిమబిందు. పుట్టిన దగ్గర్నుంచీ దానికి సరిగ్గా నిద్ర లేదు, కాబట్టి నాకూ లేదు. అది ఏడిస్తే నాకు భయం, ఏడవకపోతే ఇంకా భయం. తుమ్మితే జలుబేమోనని, తుమ్మకపోతే ఆ తుమ్ము లోపలే ఉండిపోయిందేమోనని. ఎప్పుడైనా దానికి కన్నంటుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా చూసుకునేదాన్ని. ఆ వేలు తగిలే అది లేచిపోయేది.

"మేం నలుగుర్ని కన్నాం, ఒక్కళ్ళ ముక్కు దగ్గరా వేలు పెట్టలేదు. నలుగురూ ఊపిరి పీలుస్తూనే ఉన్నారు," అనేది మా అత్తయ్య.

ఒక ఆదివారం పిల్లని భుజానేసుకుని ఊరంతా తిరుగుతున్నాను. మున్సిపాలిటీ వాళ్ళు జనం చదువుకోడానికి పెట్టిన పేపర్ల గది ముందుకి వచ్చేసరికి పాప టక్కున ఏడుపు ఆపింది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మెడ తిప్పింది. లోపల ఎవరో ఏదో వాయిస్తున్నారు.

తొంగిచూస్తే అరవై ఏళ్ళావిడ, తెల్ల జుట్టు, చుక్కల చీర, ఎడం పాదం కింద చిన్న పీట, ఒళ్ళో గిటారు. మైకు లేదు, పాట లేదు, తాళం వేసే మనిషి లేడు. ఆవిడ పేరు సలోమి గారు. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్ళు స్టాంపులమ్మి రిటైరయ్యారు. చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఇంజను డ్రైవరు నేర్పాడట. సినిమా గిటారు కాదు, ప్లగ్గు పెట్టే గిటారూ కాదు. ఏ దేశంవాళ్ళో ఎప్పుడో రాసుకున్న బాణీలు, ఉత్త వేళ్ళతో, ఒక్క మనిషి వాయించేవి.

ఆ రోజు వాయించింది ఎలా ఉందంటే, బొటనవేలు లావు తీగల మీద నెమ్మదిగా మెట్లు దిగుతోంది. మిగతా మూడు వేళ్ళూ సన్న తీగ మీద వరసగా పరిగెడుతున్నాయి. పరుగు కంటికి కనపడుతుంది గానీ చెవికి వినపడదు. ఒకే స్వరం ఆరిపోకుండా సన్నగా వణుకుతూ నిలబడి ఉంటుంది, పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే సడిలాగ. పాలు పొంగుతాయేమోనని పరిగెత్తే మనిషిని నేను. ఈ పాలు పొంగలేదు. పొంగవని నాకు ఎందుకో తెలిసిపోయింది.

ఏడో నిమిషంలో పాప నిద్రపోయింది. గంటసేపు లేవలేదు. ఆ గంటలో నేను ఒక్కసారి కూడా వేలు పెట్టి చూళ్ళేదు.

అప్పట్నించి ప్రతి ఆదివారం వెళ్ళాం. వినేవాళ్ళం మొత్తం పదకొండు మందిమి, అందులో ఇద్దరు పేపరు కోసం వచ్చినవాళ్ళు. వారానికి నూట అరవై ఎనిమిది గంటలంటారు గదా, అందులో నాకు భయం లేని గంట అదొక్కటే. నాకు ఉన్నది అదే. పోతే పోయేదీ అదే.

ఇక బోర్డు సంగతి. ఆ గదికి అటెండరు పైడియ్య. సలోమి గారు "క్లాసికల్ గిటార్ అని చిన్న కాగితం అంటించు నాయనా" అంటే, పైడియ్యకి తెలుగు మీద అభిమానం. క్లాసికల్ సంగీతాన్ని శాస్త్రీయ సంగీతం అంటాం కదా అని, పలక మీద తెల్ల పెయింటుతో ఇలా రాశాడు: "ప్రతి ఆదివారం సా. 4 గం.లకు శాస్త్రీయ గిటార్. అందరూ ఆహ్వానితులే."

అదే సమయంలో రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన పరిధిలో జరుగుచున్న శాస్త్రీయ కార్యక్రమములను గుర్తించి పది దినములలోగా నివేదించవలెను, లేనివారు ఎందుకు లేవో నివేదించవలెను అని. సైన్సుని ప్రజల్లోకి తీసుకెళ్ళాలని పెద్దవాళ్ళకి ఆ నెల గట్టిగా అనిపించింది. మావాళ్ళు తొమ్మిది రోజులు వెతికారు. ఊరు మొత్తం మీద 'శాస్త్రీయ' అనే మాట ఒక్క పైడియ్య బోర్డు మీదే దొరికింది. ఫోటో తీసి పంపారు. రాష్ట్రంలో ఇంకెక్కడా దొరకలేదట. రాజధానివాళ్ళు మెచ్చుకుని వెంటనే మాకో స్పెషలాఫీసర్ని వేశారు.

ఇరవై నాలుగో ఆదివారం ఆయన వచ్చారు. దక్షిణామూర్తి గారు. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెళ్ళో తాడుకి వేలాడుతూ ఒక స్టాప్‌వాచీ. మొదటి పాట అయ్యేదాకా నిలబడి, అవగానే చెయ్యెత్తారు.

"తమరు ప్రస్తుతం నిర్వహించిన ప్రయోగము యొక్క పరికల్పన ఏమిటి?"

సలోమి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏంటండీ?"

"దీనివలన ఏమి నిరూపించదలచితిరి?"

"ఏమీ లేదండీ. వాయించానంతే."

"ఇరవై మూడు వారములుగా?"

"అంతకుముందు ఇంట్లో కూడానండీ. ఓ నలభై ఏళ్ళు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నలభై ఏళ్ళ పరిశోధన! ఒక్క నిరూపణ లేదు, ఒక్క పట్టిక లేదు!" అని మా అందరి వైపూ తిరిగారు. "మరి మీరంతా ఏం చేస్తున్నారు?"

"వింటున్నామండీ," అన్నాను నేను.

"విని?"

"బాగుంటుందండీ."

"ఎంత?"

ఆ ప్రశ్నతో మొదలైందండీ అంతా.

పక్క వారానికి ఫారాలు అచ్చయి వచ్చాయి. ఆనంద నమోదు పత్రం, రెండు ప్రతులు. ఆనందం ప్రారంభమైన సమయం, ముగిసిన సమయం, మధ్యలో ఆగినచో కారణం, ఆనందం కలిగిన అవయవం. చివరిదానికి నేను 'వీపు' అని రాశాను. నిజంగానే నాకు అక్కడే తెలుస్తుంది, ఎవరో మెడ కింద బరువు తీసేసినట్టు. దాంతో వెనక వరసవాళ్ళు కూడా వీపే రాశారు, చూసి. ఇది సామూహిక వీపు ప్రభావం అని దక్షిణామూర్తి గారు నివేదికలో రాశారు.

తర్వాత గోళ్ళు.

ఈ గిటారు వాయించేవాళ్ళకి కుడిచేతి గోళ్ళు పొడుగ్గా ఉండాలి, మీటేది వాటితోనే. ఎడం చేతివి మొదలంటా కత్తిరించాలి, తీగ నొక్కేది వేలి కొసతో కాబట్టి. దక్షిణామూర్తి గారు స్కేలు పెట్టి రెండు చేతులూ కొలిచారు.

"అమ్మా, కుడి నాలుగు మిల్లీమీటర్లు. ఎడమ సున్న. ఒకే పరికరమునకు రెండు కొలతలు ఉండరాదు. కుడిచేతివి తీసివేయండి."

"తీసేస్తే శబ్దం చచ్చిపోతుందండీ."

"పోనీ ఎడమవి పెంచండి."

"పెంచితే తీగ నొక్కలేనండీ."

ఆయన మంచి మనిషే, ఎవరికీ కష్టం కలగకూడదనుకునే రకం. "అటులైన సరాసరి తీద్దాం," అన్నారు. "రెండు చేతులకీ రెండేసి మిల్లీమీటర్లు."

"సార్, అలాగైతే రెండు చేతులూ పనికిరాకుండా పోతాయి," అన్నాడు పైడియ్య తలుపు దగ్గర్నుంచి.

"సమానంగా పోతాయి కదా?"

సలోమి గారు, ముందు ఎడం చేతివి పెరగనివ్వండి, అప్పుడు కుడివి తగ్గిస్తాను అని గడువు అడిగారు. గోరు పెరుగుదల నిమిత్తం నాలుగు వారాలు మంజూరయింది. ప్రతి ఆదివారం ఆయన కొలిచేవారు. ప్రతి శనివారం ఆవిడ కత్తిరించుకునేవారు. మూడో వారానికి దక్షిణామూర్తి గారు రాజధానికి రాశారు: కళాకారిణి యొక్క ఎడమ చేతి గోళ్ళు ప్రభుత్వముతో సహకరించుటలేదు.

అన్నిటికన్నా దూది పెద్ద కథ. సైన్సన్నాక పోలిక ఉండాలట. సగం మంది వినాలి, సగం మంది వినకూడదు, అప్పుడు గానీ తేడా తెలీదు. వినకూడని వాళ్ళు ఇంట్లో ఉండొచ్చు కదండీ అని అడిగితే, అప్పుడు గది మారిపోతుంది, గది ఒకటే ఉండాలి అన్నారు. కాబట్టి వినకూడనివాళ్ళు కూడా వచ్చి, అక్కడే కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని వినకుండా ఉండాలి. దాని పేరు పోలిక జట్టు. చీటీలు తీశారు. నాకు దూది వచ్చింది. పాపకి పాట వచ్చింది.

"తల్లీ పిల్లా ఒకటే కదండీ, నా ఒళ్ళోనే కదా ఉంటుంది," అన్నాను.

"మీ ఒడి ఏ జట్టులోనూ లేదమ్మా. అది తటస్థం."

మా అత్తయ్యకి ఈ సంగతి చెప్తే పగలబడి నవ్వింది. "వినడానికి వెళ్ళి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటున్నావా? ఆ దూదేదో ఇంట్లోనే పెట్టుకో, పిల్ల ఏడిస్తే నేను చూసుకుంటాను."

నవ్వులాటగానే ఉంది గానీ, ఆ ఆదివారం నాకు ఏడుపొచ్చింది. దూది గట్టిగా కుక్కారు, డాక్టర్ల దగ్గర ఉండే రకం. నా ఊపిరి నాకే పెద్దగా వినపడుతోంది. పాప నిద్రపోయింది. ఊపిరి దానిదా నాదా తెలీక భయం మళ్ళీ మొదలైంది, సరిగ్గా నా గంటలోనే. అప్పుడు తలెత్తి సలోమి గారి చేతివంక చూశాను. బొటనవేలు మెట్లు దిగుతోంది. మూడు వేళ్ళు పరిగెడుతున్నాయి. చూస్తుండగా చూస్తుండగా లోపల ఎక్కడో అదే సడి మొదలైంది, వారం వారం విన్నదే కదా. నా వీపు తేలికైపోయింది. నాకు తెలీకుండానే తల ఊగింది.

మర్నాడు మెమో వచ్చింది.

"పోలిక జట్టు సభ్యురాలైన శ్రీమతి సత్యవేణి గారు నిన్నటి దినమున 4 గం. 22 ని.లకు, ఉభయ చెవులయందు దూది యుండగా, మూడు పర్యాయములు తల ఊపినట్లు గమనించడమైనది. వినకుండా ఆనందించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

సత్యవేణి అంటే నేనే. ఎనిమిదో తరగతి సగంలో మానేశాను, సంజాయిషీ రాయడం బళ్ళో నేర్పలేదు. మా ఆయన ఐసు లోడు మీద వెళ్ళారు. నేనే కూర్చుని రాశాను. "అయ్యా, దూది గట్టిగానే పెట్టారు. మీ తప్పు లేదు. కళ్ళకి పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఇకమీదట చూడకుండా కూడా ఉండమంటే ఉంటాను గానీ, ఆవిడ వాయిస్తుంటే నాకు గుర్తొస్తుంది. గుర్తుకి ఏం పెట్టుకోవాలో సెలవివ్వండి."

ఆ చివరి వాక్యానికి ఆఫీసులో మీటింగు పెట్టారట. పైడియ్య చెప్పాడు. మూడు గంటలు మాట్లాడుకుని, గుర్తు తమ పరిధిలోకి రాదని తేల్చి, ఫైలు మూసేశారట.

అయితే ఇన్ని ఫారాల్లోనూ దక్షిణామూర్తి గారికి పనికొచ్చే అంకె ఒక్కటీ రాలేదు. ఒకరికి ఆనందం నాలుగింటికి మొదలై అర్ధగంటలో ముగిస్తే, ఇంకొకరికి ఇంటికెళ్ళి బియ్యం కడుగుతుంటే మొదలయ్యేది. పేపరు కోసం వచ్చే ఇద్దరిలో ఒకాయన 'మధ్యలో ఆగినచో కారణం' దగ్గర 'చనిపోయిన మా ఆవిడ' అని రాశాడు. ఆ కాగితం దక్షిణామూర్తి గారు రెండుసార్లు చదివి, ఏ ఫైల్లోనూ పెట్టకుండా జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

నిలకడైన అంకె ఒక్క హిమబిందు దగ్గరే ఉంది. ఏ వారం చూసినా, మేం వణుకు పాట అనుకునే ఆ మొదటి రోజు బాణీ మొదలుపెట్టిన ఏడో నిమిషంలో నిద్ర. ఏడూ పది, ఏడూ ఐదు, ఏడూ పన్నెండు సెకన్లు. ఐదో వారం ఆ పట్టిక చూసి ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మా, మీ అమ్మాయి మామూలు అమ్మాయి కాదు. ప్రామాణిక పరికరం!"

పాపని గబుక్కున ఎత్తుకున్నాను. "ఏమైందండీ దానికి? ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"ఏమీ కాలేదమ్మా. రాష్ట్రంలో ఇంత కచ్చితమైన నిద్ర వేరెక్కడా నమోదు కాలేదు!"

పాప కాలికి దారంతో ఒక అట్టముక్క కట్టారు: 'పరికరం నం. 1. తాకరాదు.' ఆ దారం బిగుసుకుంటుందేమోనని నేను దానికి మూడుసార్లు ముడి విప్పి కట్టాను. మా అత్తయ్య ఆ అట్ట చదివించుకుని, "మరి స్నానం ఎలా చేయిస్తావు? తాకకూడదట గదా. కమీషనరు గారిని పిలుస్తావా?" అంది.

రాజధాని నుంచి డైరెక్టరు గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురు. దక్షిణామూర్తి గారు ఆనందంతో మా ఇంటికే వచ్చి చెప్పారు. పాప డైరెక్టరు గారి ఎదుట ఏడో నిమిషంలో నిద్రపోతే మా కార్యక్రమం రాష్ట్రానికే నమూనా అవుతుంది. సలోమి గారిని, గిటారుని, పీటని, పాపని రాజధానిలో కొత్త శాస్త్రీయ కేంద్రానికి తరలిస్తారు. అక్కడ చల్లటి గాజు గది. రోజుకి ఆరుసార్లు నిద్ర. తల్లిని కూడా రానిస్తారు, అద్దానికి ఇవతల.

"అద్దంలోంచి పాట వినపడుతుందాండీ?"

"వినపడకూడదమ్మా. మీరు పోలిక జట్టు."

ఆయన వెళ్ళాక నేను పాపనెత్తుకుని పేపర్ల గదికి పరిగెత్తాను. సలోమి గారు ఆ సంగతి అప్పటికే విని, గిటారు పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నారు. పైడియ్య నేల తుడుస్తున్నాడు.

"నేను వెళ్ళను వేణీ," అన్నారావిడ. "నేను వాయించేది పదకొండు మందికి. గాజు గదికి కాదు."

"పాప పడుకోకపోతే?"

"పడుకోకపోతే శాస్త్రీయం కాదని రాసేస్తారు. మన ఆదివారమూ పోతుంది."

"ఎలా పోతుందమ్మా?" అన్నాడు పైడియ్య, గుడ్డ పిండుతూ. "శాస్త్రీయమైతే ఆ సారు సెక్షను. శాస్త్రీయం కాదంటే ఎవరి సెక్షను? అశాస్త్రీయానికి మన మున్సిపాలిటీలో సెక్షనే లేదు. ఊళ్ళో మురిక్కాలవలు చూడండి. అశాస్త్రీయంగా కట్టారు, అశాస్త్రీయంగా కట్టారు అని నా చిన్నప్పట్నించీ పేపర్లో రాస్తానే ఉన్నారు. ఒక్క ఆఫీసరన్నా తొంగి చూశాడా? ఒక్క ఫారమన్నా ఇచ్చాడా? ఆ కాలవలంత స్వేచ్ఛగా ఈ ఊళ్ళో ఎవరున్నారు చెప్పండి!"

సలోమి గారూ నేనూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం.

పదకొండు నెలలు ఈ పిల్ల నిద్రపోతే చాలని మొక్కని దేవుడు లేడు నాకు. ఇప్పుడు ఒక్కరోజు, ఒక్క అరగంట, నిద్రపోకుండా ఉండాలి. గిల్లడం నా వల్ల కాదు. ఆకలితో ఉంచడం అసలే కాదు.

"మోసం చేద్దామంటావా?" అన్నారు సలోమి గారు.

"మోసం కాదండీ. ముందుగానే నిద్రపుచ్చేద్దాం."

తనిఖీ నాడు ఒంటిగంటకి ఆవిడ గిటారుతో మా ఇంటికి వచ్చారు. మా వంటింట్లో పీటకి బదులు ఇత్తడి చెంబు బోర్లించి, దాని మీద కాలు పెట్టుకుని వాయించారు. దూది లేకుండా వినడం నాకు ఐదు వారాల తర్వాత అదే. అత్తయ్య మజ్జిగ చిలుకుతూ కవ్వం ఆపేసింది. పాప ఒంటిగంటా ఏడు నిమిషాలకి పడుకుని, మూడున్నరకి లేచింది. లేచి, అన్నం తిని, మా ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడబీకింది. పిల్ల అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు.

నాలుగింటికి పేపర్ల గది కిటకిటలాడిపోయింది. డైరెక్టరు గారు ముందు కుర్చీలో, మెళ్ళో దండతో. కమీషనరు గారు ఆయన పక్కన. మధ్యలో బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద నా పిల్ల, కాలికి అట్టముక్క. నేను చెవుల్లో దూదితో పక్కన నిలబడ్డాను. ఎడం చెవిదాన్ని మాత్రం పైడియ్య కాస్త వదులుగా పెట్టాడు.

"మాన్యులారా," అని దక్షిణామూర్తి గారు మొదలుపెట్టారు. "ఏడు నిమిషముల అనంతరం పరికరం స్వయముగా నిద్రావస్థలోకి ప్రవేశించును."

సలోమి గారు వణుకు పాట ఎత్తుకున్నారు. తప్పు వాయించలేదు, వాయించమంటే ఆవిడకి చేతకాదు. పాప బల్ల మీద కూర్చుని డైరెక్టరు గారి దండలో బంతిపూలు లెక్కపెట్టినట్టు చూస్తోంది. రెండో నిమిషం. నాలుగో నిమిషం. నా గుండె కుదుటపడింది.

ఐదో నిమిషంలో పాప కన్ను నలుపుకుంది.

దేవుడా అనుకున్నాను. రెండు గంటలకి పైగా పడుకున్న పిల్ల! మళ్ళీ నలుపుకుంది. తల ఒక పక్కకి వాలింది. ఆ పాట అలాంటిది, నేనేం చేసేది? పదకొండు నెలలు ఏ రెప్పలు వాలాలని కాచుకుని కూర్చున్నానో ఆ రెప్పలు వాలుతున్నాయి, నా ఒళ్ళంతా చల్లబడిపోతోంది. సలోమి గారు నావంక చూశారు, చెయ్యి ఆపలేదు. ఆరో నిమిషం. పాప దుప్పటి మీదకి ఒరిగింది. గాజు గది నా కళ్ళ ముందుకొచ్చేసింది.

దక్షిణామూర్తి గారు ఊపిరి బిగబట్టి బల్ల మీదకి వంగారు. ఏడో నిమిషం. రెప్ప మూతపడే క్షణం ఒక్క సెకను కూడా తప్పిపోకూడదని, ఆ స్టాప్‌వాచీని సరిగ్గా పాప చెవి పక్కకి తెచ్చి నొక్కారు.

టిక్కుమంది.

హిమబిందు లేచి కూర్చుంది. మిలమిలా మెరుస్తున్న వాచీని చూసింది. రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. తాడు ఆయన మెళ్ళోనే ఉంది కాబట్టి ఆయన తల కూడా దానితోపాటే వంగింది. పాప కిలకిలా నవ్వింది. ఆయన ఎంత లాగితే అంత నవ్వింది.

"పరికరం నిద్రించుటలేదే?" అన్నారు డైరెక్టరు గారు.

"నిద్రించుచుండెనండీ! నేను కొలుచుట వలన..." దక్షిణామూర్తి గారి గొంతు తాడు బిగిసి సన్నగా వచ్చింది.

"కొలవకపోతే నిద్రించునా?"

"నిద్రించునండీ."

"కొలవకపోతే నిద్రించినట్లు మనకెలా తెలియును?"

పాపం దక్షిణామూర్తి గారు ఇంకోసారి వాయించి చూద్దామన్నారు. వాయించారు. పాప చప్పట్లు కొట్టింది. మూడోసారి కమీషనరు గారు స్వయంగా జోకొట్టారు. పాప ఆయన కళ్ళజోడు తీసుకుంది. డైరెక్టరు గారు దండ తీసి పక్కన పెట్టి, అక్కడికక్కడే చెప్పి రాయించారు:

"పునరావృతం కాని ఫలితము అశాస్త్రీయము. తుమ్మలకోడూరు పురపాలక సంఘమునందు ప్రతి ఆదివారము జరుగు గిటారు అశాస్త్రీయమని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. దీనితో ఏ శాఖకునూ సంబంధము లేదు."

సంతకం పెట్టి, ముద్ర వేసి, కారెక్కారు. ఎక్కబోతూ ఆయన వేళ్ళు కారు తలుపు మీద మెట్లు దిగుతున్నట్టు కదలడం నేను చూశాను. ఫారం లేదు కాబట్టి ఎక్కడా నమోదు కాలేదు.

ఉత్తర్వు ప్రకారం పైడియ్య బోర్డు సవరించాడు. 'శాస్త్రీయ' ముందు చోటు లేక 'అ' కొంచెం ఇరుకుగా వచ్చింది. "ప్రతి ఆదివారం సా. 4 గం.లకు అశాస్త్రీయ గిటార్. అందరూ ఆహ్వానితులే." ఆ బోర్డు చూసి ఆ వారం పాతికమంది వచ్చారు, ఏమిటో చూద్దామని.

దక్షిణామూర్తి గారు కూడా వచ్చారు. చొక్కా నలిగి ఉంది. గుమ్మం బయటే నిలబడ్డారు.

"నన్ను జనన మరణాల సెక్షన్లో వేశారమ్మా. ఇక్కడ నాకిప్పుడు ఏ హోదా లేదు. ఊరికే వచ్చాను. ఊరికే రావచ్చా?"

"వచ్చినవాళ్ళందరూ ఊరికే వచ్చినవాళ్ళేనండీ. కూర్చోండి," అన్నారు సలోమి గారు.

నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నారు. సలోమి గారు తీగలు సరిచూసుకుని, ఆ వారం పెట్టుకుందామనుకున్న కొత్త బాణీ ఎత్తుకున్నారు. ఎప్పుడూ వినందే. మొదట రెండే స్వరాలు, ఒకటి అడిగినట్టు, ఒకటి జవాబుకి ఆలస్యం చేస్తున్నట్టు. పాప నా ఒళ్ళో కూర్చుని కళ్ళు ఇంతింత చేసుకుని వింటోంది. నా చెవులకి దూది లేదు, చేతిలో ఫారం లేదు. ఈ బాణీ ఎటు వెళ్తుందో ఒక్క ముక్క కూడా వదలకుండా వినాలి అనుకున్నాను. అనుకోవడం వరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. నా తల పక్కన గోడకి ఆని ఉంది. ఒళ్ళో పిల్ల లేదు. నా ప్రాణం ఎగిరిపోయినట్టయి పక్కకి తిరిగాను. దక్షిణామూర్తి గారు హిమబిందుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కదిల్తే ఏమవుతుందోనన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. అది ఆయన జేబులో కాగితం బయటికి లాగుతోంది, ఆయన మళ్ళీ లోపల పెట్టుకుంటున్నారు.

"అమ్మాయి జారిపోతోందని తీసుకున్నానమ్మా. మీరు లేవలేదు," అన్నారు.

పదకొండు నెలల్లో పగలు నేను నిద్రపోవడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను. పరుగున సలోమి గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే గిటారు పెట్టెలో పెట్టి బకిల్సు నొక్కుతున్నారు.

"ఏం వాయించారండీ ఇవాళ? నేను విననే లేదు. తర్వాత ఏమైంది, ఆ రెండోది జవాబు చెప్పిందా?"

పైడియ్య తాళాలు గలగలలాడించాడు. సలోమి గారు అతని వంక చూడలేదు. నొక్కిన బకిల్సు రెండూ మళ్ళీ విప్పి, ఎడం కాలితో పీటని దగ్గరికి లాక్కున్నారు.

"కూర్చో," అన్నారు.